పందిగుంట వాగు పొలికేక

ఒకప్పుడు జలపాతాలకు చప్పుడు ఉండేది కాదు.

నిజంగానే ఉండేది కాదు. అంత ఎత్తు నుంచి అన్ని నీళ్ళు దిగినా, ఆకు రాలినంత సద్దు కూడా వినపడేది కాదు. నీళ్ళు బండను కరుచుకుని, తల దించుకుని, గోడ మీద నూనె కారినట్టు జారి వచ్చేవి. జలపాతం పక్కన కూర్చుని ఇద్దరు గుసగుసలాడుకుంటే మూడో మనిషికి వినపడిపోయేది. నమ్మనివాళ్ళు నమ్మకపోయినా కథేమీ ఆగదు.

మన్యం కొండలు ముగిసి మైదానం మొదలయ్యే చోట అలాంటి జలపాతం ఒకటి ఉండేది. దాని పై అంచు కొండ రాజ్యానిది. కింది మడుగు మైదాన రాజ్యానిది. మధ్యలో పొలిమేర. ఆ పొలిమేరకు కాపలా ఒక పెద్ద బండరాయి. పేరు గట్టురాయుడు. నీళ్ళు దిగే సందు పక్కనే, ఒంటినిండా నాచు పట్టి, కనుబొమల మీద గడ్డి మొలిచి, కదలకుండా మెదలకుండా కూర్చుని ఉండేవాడు.

ఆ చోట ఒక ఆచారం ఉంది. పొలిమేర దాటేవాళ్ళు ఎవరైనా సరే గట్టురాయుడి ముందు నిలబడి తమ పేరు, ఊరు, వచ్చిన పని గొంతెత్తి చెప్పాలి. దాన్ని పొలిమేర కేక అనేవారు. చెప్పింది నిజమైతే గట్టురాయుడు ఆ మాటనే తిరిగి పలికేవాడు. లోయంతా మారుమోగేది. అబద్ధమైతే పలికేవాడు కాదు, దాటనిచ్చేవాడూ కాదు. రాజుకీ అదే, మేకలు కాసుకునేవాడికీ అదే. ఆఖరికి కోతులు కూడా "కోతిని! చింతతోపు! కాయల కోసం!" అని అరిచిగానీ దాటేవి కావు.

మైదానంలో కోటపాలెం అనే పెద్ద ఊరు ఉంది. అక్కడ పంతులుగారి బడిలో సుక్కి అనే పిల్ల చదువుకునేది. సుక్కిది కొండ మీద ఊరు. అక్షరాలు నేర్చుకుని రమ్మని వాళ్ళమ్మ కొండ దింపి, పంతులుగారింట్లో వదిలిపెట్టి వెళ్ళింది. పిల్ల చురుకైనది. గొంతు కంచు. బడిలో పాఠం వల్లె వేస్తే వీధి చివర ఎడ్లు తలెత్తి చూసేవి.

అంత గొంతు ఉన్న పిల్ల ఒక్క మాట దగ్గర మాత్రం మూగదైపోయేది. అది తన ఊరి పేరు. వాళ్ళ ఊరి పేరు పందిగుంట.

మీరూ నవ్వారు కదూ? బడిలో పిల్లలూ అలాగే నవ్వారు. కోటపాలెం మునసబుగారి అబ్బాయి భానోజీ అయితే మొదటిరోజే ముక్కు మూసుకుని, "పందిగుంట పిల్లొచ్చిందిరోయ్, జరగండి జరగండి!" అన్నాడు. సుక్కికి తల కొట్టేసినట్టయింది. ఆ తరవాత ఎవరు ఏ ఊరని అడిగినా "కొండ మీద" అని ఊరుకునేది.

ఆ కాలంలో బడికి ఆదివారం సెలవు లేదు. అమావాస్యకీ, మర్నాటి పాడ్యమికీ కలిపి సెలవిచ్చేవారు. ఒకసారి అలాంటి సెలవుకి పంతులుగారు పిల్లలందరినీ జలపాతం చూడ్డానికి బయల్దేరదీశారు. చద్దిమూటలు కట్టుకుని, కోడి కూయగానే నడక మొదలుపెట్టి, ఎండెక్కేసరికి పొలిమేర చేరారు.

జలపాతాన్ని పై అంచు నుంచి చూస్తేనే అందం. పైకి వెళ్ళాలంటే గట్టురాయుణ్ణి దాటాలి.

"ఎవరది? ఏ ఊరు? ఏం పని?" అన్నాడు గట్టురాయుడు.

భానోజీ ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "భానోజీని! కోటపాలెం! జలపాతం చూడ్డానికి!"

"కోటపాలెం... పాలెం..." అని లోయంతా పలికింది. భానోజీ దాటాడు. ఒక్కొక్కరే కేక వేసి దాటారు. పంతులుగారు కూడా వేశారు. చివరికి సుక్కి వంతు వచ్చింది.

అందరూ తనవైపే చూస్తున్నారు. భానోజీ చెయ్యి అప్పుడే ముక్కు దాకా వెళ్ళింది. సుక్కి, "సుక్కిని! కోటపాలెం! జలపాతం చూడ్డానికి!" అనేసింది.

లోయ పలకలేదు. గాలి కూడా కదల్లేదు. గట్టురాయుడు కనుబొమల మీది గడ్డి ముడిపడింది.

"అబద్ధం. దాటడానికి వీల్లేదు" అన్నాడు.

పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పంతులుగారు నవ్వలేదు. వెనక్కి తిరిగి, "మడుగు దగ్గర కూర్చో అమ్మా, పై నుంచి నువ్వు మాకు కనిపిస్తూనే ఉంటావు. నిజం చెప్పాలనిపించినప్పుడు మళ్ళీ కేక వెయ్యి" అని చెప్పి, మిగతావాళ్ళని తీసుకుని పైకి వెళ్ళారు.

సుక్కి మడుగు ఒడ్డున మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. ఏడుపొచ్చింది. ఏడ్చింది. పక్కనే జలపాతం చడీచప్పుడూ లేకుండా దిగుతోంది.

అంతలో గట్టురాయుడు గొంతు సవరించుకున్నాడు. ఈసారి సుక్కితో కాదు, నీళ్ళతో.

"ఏమే వాగూ! ఆ పసిపిల్లని ఆపాను. మరి నీ సంగతేమిటి? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడట్లేదనుకుని రోజూ నా పక్కనుంచే జారుకుంటున్నావు. నీ పేరు వినలేదు, ఊరు వినలేదు. దానికో న్యాయం, నీకో న్యాయమా? పొద్దు వాలేలోగా కేక వెయ్యి. వెయ్యకపోతే ఒక్క అడుగు పక్కకి జరిగి ఈ సందు మూసేస్తాను. వచ్చిన దారినే వెనక్కి పోదువుగాని."

నీళ్ళు వణికాయి. బండ మీంచి సన్నటి గొంతు వినిపించింది.

"బాబ్బాబు, ఏటైనా అడుగు గానీ ఊరు సెప్పమని అడక్కు. నీ కాళ్ళట్టుకుంటాను, ఎల్లనీ."

సుక్కి తల ఎత్తింది. ఆ యాస! కొండ దిగాక ఆ యాస ఆమె వినడం అదే మొదలు. గబగబా కళ్ళు తుడుచుకుని నీళ్ళు జారే బండ దగ్గరికి వెళ్ళింది.

"ఏ ఊరే నీది?" అంది గుసగుసగా.

"సెప్తే నవ్వుతావు."

"నవ్వను. మా అమ్మ మీదొట్టు."

వాగు అటూ ఇటూ చూసి, నీటి బుడగంత గొంతుతో, "పందిగుంట" అంది.

సుక్కి నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"సూసావా, నువ్వూ అలాగే సూస్తన్నావు" అంది వాగు బాధగా. "నాను పుట్టింది అడివిపంది తవ్విన గుంటలో. కొండ మీద ఉన్నంతసేపూ గలగలా కబుర్లు సెప్పుకుంటానే వస్తాను. ఈ అంచు కాడికి రాగానే నోరు పడిపోద్ది. కింద పెద్ద పెద్ద కాలవలు, సెరువులు ఉంటాయి గదా. పంది పొర్లిన నీళ్ళొచ్చాయి, జరగండి జరగండి అంటాయి."

"మాదీ పందిగుంటేనే!" అంది సుక్కి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వొచ్చింది ఇద్దరికీ. కానీ ఆ నవ్వు పూర్తి కాకుండానే సుక్కికి ఊరు గుర్తొచ్చింది.

పందిగుంట చుట్టూ కొండలే. గిన్నె అడుగులో మెతుకుల్లా ఉంటాయి అక్కడి ఇళ్ళు. ఆ ఊరి నీళ్ళన్నీ బయటికి పోవడానికి ఉన్నది ఈ ఒక్క సందు. ఇది మూసుకుపోతే వాగు వెనక్కి తన్నుతుంది. తన్ని ఊరినే ముంచుతుంది. అమ్మ, అమ్మ పొయ్యి, మేకపిల్లలు, సామచేలు, అన్నీ నీళ్ళ కిందే.

సుక్కి పరుగెత్తుకెళ్ళి గట్టురాయుడి ముందు నిలబడింది.

"తాతా, సందు ముయ్యకు! మా ఊరు మునిగిపోతాది! కావాలంటే దాని కేక నేనేస్తాను!"

"ఒకరి కేక ఇంకొకరు వేస్తే చెల్లదు" అన్నాడు గట్టురాయుడు. "పైగా నీ కేకే ఇంకా చెల్లలేదు. నాకు ఎవరి మీదా కోపం లేదు పిల్లా. ఊరు చెప్పుకోలేనివాళ్ళని నమ్మి ఎలా వదలను?"

పొద్దు పడమటికి తిరిగింది.

సుక్కి వాగు వైపు చూసింది. అది ఇంకా తల దించుకునే ఉంది. తను కూడా పొద్దున అచ్చం అలాగే నిలబడిందని సుక్కికి తట్టింది. సిగ్గుపడ్డానని సిగ్గేసింది. ఆ వెంటనే ఎక్కడలేని రోషం పొడుచుకొచ్చింది.

"ఒసే వాగూ, ఇటు సూడు" అంది. "మన ఊరు ఎలా పుట్టిందో నీకు తెలీదా? మా అమ్మ ఎన్నిసార్లు సెప్పింది! ఒక ఏడు వానల్లేవు. నాలిక తడుపుకుందామంటే నీటిచుక్క లేదు. రాజులు తవ్వించిన సెరువులన్నీ నోళ్ళు తెరిచాయి. అప్పుడు ఒక అడివిపంది మూతి పెట్టి కొండ అడుగున తవ్వితే నువ్వొచ్చావు. ఆ పంది తాగింది, దాని పిల్లలు తాగాయి, ఆ తరవాత మా ముత్తాతలు తాగి బతికారు. అందుకే ఆ ఊరికి ఆ పేరెట్టుకున్నారు. మేలు సేసినదాని పేరు పెట్టుకున్నాం గానీ దొంగిలించిన పేరా ఇది? ఉన్న ఊరూ కన్న తల్లీ ఒకటేనంటారు. అమ్మ పేరు సెప్పుకోడానికి ఎవరైనా సిగ్గుపడతారా?"

చెబుతుంటే తన మాటలు తనకే కొత్తగా వినిపించాయి. ఇన్నాళ్ళూ ఈ కథ భానోజీకి ఎందుకు చెప్పలేదో ఆమెకే అర్థం కాలేదు.

సుక్కి గట్టురాయుడి వైపు తిరిగింది. కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి నిండా పీల్చి, గొంతెత్తింది.

"సుక్కిని! పందిగుంట! మా ఊరి వాగుకి తోడొచ్చాను!"

గట్టురాయుడు పలికాడు. "పందిగుంట!" ఎదుటి కొండ అందుకుంది. "పందిగుంట!" దాని వెనక కొండ, ఆ వెనక కొండ, లోయలో చెట్టూ పుట్టా అన్నీ అందుకున్నాయి. పై అంచున కూర్చుని చద్ది తింటున్న పిల్లల చేతుల్లో ముద్దలు అలాగే ఆగిపోయాయి. తన ఊరి పేరు అంత బాగుంటుందని సుక్కి ఇన్నాళ్ళూ మరిచేపోయింది.

దారి వదిలాడు గట్టురాయుడు. సుక్కి ఎగరొప్పుతూ కొండదారి ఎక్కి, నీళ్ళు దిగే అంచు దగ్గరికి వెళ్ళి మోకరిల్లింది.

"ఇప్పుడు నువ్వు!"

వాగు ప్రయత్నించింది. "ప... పం..." అని బుడబుడమంది.

"వినపడలేదు" అన్నాడు గట్టురాయుడు. పొద్దు కొండ కొసను తాకుతోంది. ఆయన ఒళ్ళు కిర్రుమంది. నాచు పెళ్ళలు రాలాయి. కదలడానికి సిద్ధమవుతున్నాడు.

"బండని కరుసుకుని పాకుతుంటే గొంతెలా వస్తాదే?" అని అరిచింది సుక్కి. "వదిలెయ్ దాన్ని! తలెత్తు! దూకు!"

"పడిపోతానే!"

"పడవు! నువ్వు కొండ అడుగు చీల్చుకుని పుట్టినదానివి. దూకు!"

వాగు ఒక్క క్షణం అంచున నిలబడింది. వెనక నుంచి వచ్చే నీళ్ళన్నిటినీ కూడగట్టుకుంది. తల ఎత్తింది. బండను వదిలేసింది. ఒక్క దూకు దూకింది.

"వాగునీ! పందిగుంటా! పైర్లు తడపడానికీ!"

అబ్బ, ఏం కేక అది! చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. మడుగు తుళ్ళిపడింది. తుంపర్లు తెల్లగా లేచి పంతులుగారి దగ్గర్నుంచి భానోజీ దాకా అందరినీ తడిపేశాయి. గట్టురాయుడు ఆ కేకను తిరిగి పలుకుతూనే ఉన్నాడు, వాగు వేస్తూనే ఉంది. ఇంక మూసేది ఏమిటి? ఆయన తన చోట తను సర్దుకుని కూర్చున్నాడు. ఆ ముసలి మొహంలో ఎన్నడూ లేని నవ్వు కనిపించింది.

భానోజీ తడిసిన జుట్టుతో నోరెళ్ళబెట్టి కిందికి చూస్తున్నాడు. దూకిన వాగు మడుగు దాటి, పొలాల మధ్యనుంచి మెలికలు తిరుగుతూ దూరంగా ఒక పెద్ద చెరువులో కలుస్తోంది.

"పంతులుగారూ, అది మా కోటపాలెం చెరువు కదూ?" అన్నాడు.

"అవును నాయనా" అన్నారు పంతులుగారు. "నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ తాగుతున్నది పందిగుంట నీళ్ళే."

చీకటి పడకుండా తిరుగుదారి పట్టారు. పొలిమేర దగ్గర మళ్ళీ కేక వెయ్యాలి కదా. అందరికన్నా ముందు భానోజీయే వెళ్ళి నిలబడ్డాడు. ఒకసారి సుక్కి వైపు చూశాడు.

"భానోజీని! కోటపాలెం! పందిగుంట నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి!"

ఆ మాట నిజం గనక గట్టురాయుడు దాన్ని ఒక్క అక్షరం పోకుండా లోయంతా వినిపించాడు. సుక్కి తల ఎత్తుకుని నడిచింది. ఆ తల మళ్ళీ దించలేదు.

వాగు వేసిన పొలికేక అక్కడితో ఆగలేదు. కొండలు దాటి మిగతా జలపాతాలకు వినిపించింది. ఒకటి పేరు లేని లోయలో పుట్టింది, ఒకటి ముళ్ళపొదల్లో పుట్టింది, ఒకటి పాడుబడ్డ గనిలో పుట్టింది. అన్నీ ఇన్నాళ్ళూ తల దించుకుని జారినవే. ఒక్కొక్కటే తల ఎత్తాయి, బండలు వదిలాయి, దూకాయి.

అప్పటినుంచే ఏ జలపాతమూ నోరు మూసుకుని కిందికి రాదు. తన పేరు, తన ఊరు పగలూ రాత్రీ గొంతెత్తి చెప్పుకుంటూనే ఉంటుంది. అప్పటినుంచే మనం ఎంత దూరం నుంచి వెళ్ళినా, జలపాతం కంటికి కనిపించకముందే చెవికి వినిపిస్తుంది.