షంషాద్ సంతకం

రెండు గురువారాలుగా మౌలాలి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తకియాకు వచ్చేవాళ్లకు అది ఒంట్లో బాగాలేకపోవడం కంటే పెద్ద సంగతిగా తోచింది. ఎందుకంటే మౌలాలి అంటేనే ప్రశ్నలు. దర్గాలో చక్కెరే ఎందుకు పంచాలి, బెల్లం పంచితే ఏమవుతుంది అని అడిగే రకం. గుత్తి బజార్లో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే పని అతనిది. ఆ పనికి చేతులు చాలు, నోటితో పనిలేదు, అందుకే నోరు ఊరుకోదని ఇరుగుపొరుగు అంగళ్లవాళ్లు నవ్వుకునేవారు.

ఆ తకియా ఊరి బయట గుట్ట కింద ఉంది. తకియా అంటే పెద్ద కట్టడమేం కాదు, ఫకీర్లు ఉండే రేకుల కొట్టం. బుడన్ సాహెబ్ అక్కడే ఉంటాడు. తురకలూ వస్తారు, హిందువులూ వస్తారు, అందరికీ ఆయన స్వామే. అడిగినదానికి ఎదురుగా బదులు చెప్పే అలవాటు మాత్రం ఆయనకు లేదు. పీరు సమాధిలో నిద్రపోతున్నాడంటారు గదా, మరి మన మొర ఎట్లా వింటాడని మౌలాలి ఒకసారి అడిగితే, ఆయన చాప మీద అటు తిరిగి పడుకుని గురక పెట్టాడు. మౌలాలి చాలాసేపు చూసి, విసుగొచ్చి, చప్పుడు కాకుండా గడప దాటాడు. వెనకనుంచి మాట వినిపించింది. "అవి నా చెప్పులప్పా."

అట్లాంటి గురువు దగ్గరికి మౌలాలి మంగళవారం మధ్యాహ్నం, ఎవరూ ఉండని వేళ చూసుకుని వచ్చాడు. బుడన్ సాహెబ్ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాడు. మౌలాలి ఎదురుగా కూర్చుని, తానూ రెండు రాళ్లు ఏరి, గొంతు సవరించుకున్నాడు.

"నాకు తెలిసినోడు ఒకడుండాడు స్వామీ."

తర్వాత కథంతా చెప్పాడు. ఆ తెలిసినోడు సెల్లులో చక్రం తిప్పే ఆట ఆడాడు. మొదటి రోజు కొత్త చెప్పులకు సరిపడా గెలిచాడు. అక్కడినుంచి పోయింది తెచ్చుకోవాలని ఆడాడు, తెచ్చుకున్నది పోగొట్టుకుని మళ్లీ ఆడాడు. చివర్లో ఒకసారి బాగానే గెలిచాడు. ఆ డబ్బు నీ చేతికి రావాలంటే ముందు ఇంకొంత కట్టమన్నారు. కట్టాడు. అంతే, ఆ ఆట తెరుచుకోవడమే మానేసింది. డబ్బంతా బ్యాంకు కార్డు మీద కట్టాడు. అది ఏ దేశంవాళ్లదో, కార్డు మీది అంకెలు కొడితే చాలు, సెల్లుకు వచ్చే రహస్యం నంబరు కూడా అడగదు.

అయితే దీనికొక దారి ఉందని మౌలాలి కొంచెం ముందుకు జరిగాడు. బ్యాంకులో కాగితం రాసిస్తే, వాళ్లే ఆ ఆటవాళ్ల దగ్గరనుంచి డబ్బు వెనక్కి రప్పిస్తారు. కాకపోతే కారణం చెప్పాలి. ఈ చెల్లింపు నేను చేయలేదు అని రాస్తే పని తొందరగా అవుతుంది. చేసింది నేనే, కానీ వాళ్లు ఇస్తామన్నది ఇవ్వలేదు అని కూడా రాయవచ్చు. అట్లా రాస్తే నువ్వు జూదం ఎందుకు ఆడావంటారు, సవాలక్ష అడుగుతారు, డబ్బు వస్తుందో రాదో చెప్పలేరు.

"వాళ్లు దొంగలే గద స్వామీ. దొంగ చేతిలోంచి మన సొమ్ము మనం తెచ్చుకునేదానికి ఒక అబద్ధం ఆడితే, అది అబద్ధం కిందికి వస్తుందా?"

చాలా రోజుల తర్వాత మౌలాలి నోట ప్రశ్న వచ్చింది. మంచి ప్రశ్నే. అడిగిన మనిషికే దాని మీద ముచ్చట వేసింది. ఈయన దీనికేం చేస్తాడో చూడాలని నిజంగానే ఆశగా ఆయన చేతులకేసి చూశాడు. చేతులు బియ్యం ఏరుతూనే ఉన్నాయి.

"కార్డు ఎవరిది?" అన్నాడు బుడన్ సాహెబ్.

"వాళ్లావిడది."

"ఆయమ్మకు తెల్సునా?"

"ఎవరో దొంగలు కొట్టేసినారు అనుకుంటాంది."

ఆయన చాటను ఒకసారి చెరిగి పక్కన పెట్టాడు. "ఈ గురువారం షంషాదును గూడా పిల్చుకొని రా అన్నానికి. శానా దినాలైంది ఆ బిడ్డను చూసి" అన్నాడు.

మౌలాలి తేలు కుట్టిన దొంగలా లేచాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. స్వామికి తెలిసిపోయిందా, లేక నిజంగానే చూడాలనిపించి అన్నాడా? నేను తెలిసినోడు అనే కదా చెప్పాను, నా పేరెక్కడా రాలేదే. షంషాద్ పేరు ఎందుకొచ్చినట్టు? మోటారులో ఏ తీగ ఎక్కడ కాలిందో చేత్తో తడిమి చెప్పగల మనిషి, ఆ ఒక్క మాటను ఎటునుంచి తడిమినా మర్మం దొరకలేదు.

మనకు మాత్రం దొరికింది గదా. షంషాద్ అతని భార్య. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. టీకాల డబ్బా భుజాన వేసుకుని, ఆటోలు మారి పల్లెలు తిరుగుతుంది. స్కూటీ కొనుక్కుంటే ఎండలో ఆటోల కోసం నిలబడే బాధ తప్పుతుందని ఏళ్ల తరబడి జీతంలో కొంత విడిగా దాచింది. కార్డు బీరువాలో ఉంటుంది. మౌలాలి దాని మీది అంకెలు రాసుకున్నాడు. విదేశాలకు డబ్బు కట్టే వీలును ఆమె సెల్లులోనే తెరిచాడు. ఆమె స్నానానికో వంటింట్లోకో పోయినప్పుడు ఆడి, బ్యాంకు నుంచి వచ్చిన మెసేజీలు తుడిచేశాడు. ఇదంతా ఆమె అంగడికి పోయి బండి రంగు కూడా ఎంచుకుని, డబ్బు కట్టబోయినప్పుడు బయటపడింది. కార్డు గీకితే డబ్బు లేదని వచ్చింది. నలుగురిలో అట్లా నిలబడిపోయింది పాపం.

ఇంటికొచ్చి ఏడ్చింది. ఎవడు తిన్నాడో వాడి చేతులు పడిపోనూ అని తిట్టింది. మౌలాలి పక్కనే నిలబడి ఆమెతో గొంతు కలిపి, ఇంకా పెద్ద తిట్లు తిట్టాడు. మనిషి తనను తాను అంత మనసారా తిట్టుకోవడం అరుదు.

అక్కడితో ఆగినా బాగుండేది. బ్యాంకువాళ్లు కాగితం ఇచ్చి, దానితోపాటు పోలీసు ఫిర్యాదు నకలు కూడా తెమ్మన్నారు. స్టేషనులో ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడుగుతారని చెప్పారు. షంషాద్ ఆలోచించింది. కార్డు ఇల్లు దాటి ఇంకొకరి చేతిలో పడింది ఒక్కచోటే. ఏదో రుసుము కట్టడానికి సెల్లు అంగడి ఓబులేసుకు ఇచ్చింది. అతనే అంకెలు చూసి కొట్టాడు. ఓబులేసే అయ్యుంటాడని ఆమె తేల్చుకుంది. శుక్రవారం పొద్దున స్టేషనుకు, అక్కడినుంచి బ్యాంకుకు పోవాలని అనుకుంది. మౌలాలి అంగడి తెరవాలని లేచి పోయాడు.

బుధవారం ఆ ఓబులేసే మౌలాలి అంగడికి వచ్చాడు. ఇద్దరూ రోజూ కలిసి టీ తాగేవాళ్లే. వదిన డబ్బులు పోయినాయంట గదన్నా, ఏమన్నా తెలిసిందా అని ఆరా తీశాడు. ఫిర్యాదు ఎట్లా రాయాలో తనకు తెలుసని, వదినను తన అంగడికి పంపితే కంప్యూటర్లో చక్కగా కొట్టిస్తానని, పైసా ఇవ్వొద్దని చెప్పాడు. మౌలాలి చక్కెర ఎక్కువైందని చెప్పి గ్లాసు పక్కన పెట్టేశాడు.

గురువారం వచ్చింది. భార్యాభర్తలిద్దరూ తకియాకు పోయారు. షంషాద్‌కు బుడన్ సాహెబ్ అంటే తండ్రి లెక్క. కూర్చోగానే కడుపులో ఉన్నదంతా చెప్పుకుంది. స్కూటీ సంగతి, అంగట్లో తలకొట్టేసినట్టయిన సంగతి, ఓబులేసు సంగతి, రేపు పోవాలనుకుంటున్న సంగతి. చెబుతూ చెబుతూ మళ్లీ కళ్లు తుడుచుకుంది. ఇంట్లో మనిషిలా తిరిగేవాడు ఇట్లా చేస్తాడనుకోలేదు స్వామీ, డబ్బు కంటే అదే కష్టంగా ఉండాది అంది. మౌలాలి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. స్వామి ఏదో అంటాడని ఎదురుచూశాడు. ఆయన అయ్యో అన్నాడు, అంతే.

అక్కడ అన్నానికి ముందు ఒక ఆచారం ఉంది. వచ్చినవాళ్లు తమ చేతులు తాము కడుక్కోకూడదు. శిష్యుడు కొమ్ముచెంబుతో ఒక్కొక్కరి చేతుల మీద నీళ్లు పోస్తాడు, కింద బేసిన్ పెడతాడు. వాళ్లు చాలు అనేదాకా పోయాలి, అంతకు ముందు ఆపకూడదు. ఆడవాళ్లకు మాత్రం లోపల ఆడవాళ్లే పోస్తారు. ఆ రోజు బుడన్ సాహెబ్ షంషాద్‌ను లోపలికి పోనివ్వలేదు. ముందు చాప మీదే కూర్చోబెట్టి, కొమ్ముచెంబు నింపి మౌలాలి చేతికిచ్చాడు.

"ముందు ఈ బిడ్డ చేతులు కడుగు."

షంషాద్ సిగ్గుపడింది. మంచినీళ్లు కూడా తానే ముంచుకుని తాగాల్సిన ఇల్లు ఆమెది. మొగుడు వంగి చేతుల మీద నీళ్లు పోస్తుంటే నవ్వాలో ఊరుకోవాలో తెలియక తల దించుకుంది. మౌలాలి జాగ్రత్తగానే పోశాడు. ఆమె చాలు అంది. అతను చెంబు పైకెత్తాడు.

"ఉండప్పా" అన్నాడు బుడన్ సాహెబ్. "ఆ కుడిచెయ్యి బాగా చూడు. రేపు సంతకం పెట్టే చెయ్యి. ఏమన్నా అంటుకొని ఉండాదా?"

ముసలాయన ఏదో పరాచికం ఆడుతున్నాడనుకుని, షంషాద్ నవ్వుతూ అరచెయ్యి ముందుకు చాపింది. మౌలాలి చూశాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ చేతిని అంత దగ్గరగా చూసినట్టు అతనికి గుర్తులేదు. డబ్బా పట్టీ లాగి లాగి వేళ్ల మొదట్లో కాయలు కాశాయి. గోళ్లు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. ఎక్కడా చిన్న మరక లేదు. అతనికి భయం వేసింది. ఈ చెయ్యి రేపు కాగితం మీద ఓబులేసు పేరు రాస్తుంది, రాసింది నిజమేనని కింద సంతకం పెడుతుంది.

"ఏం లేదు స్వామీ" అన్నాడు.

"అయితే అట్లనే ఉండనీ" అన్నాడు బుడన్ సాహెబ్.

ఆ మాట అని ఆయన వడ్డించే పని చూసుకోవడానికి లోపలికి పోయాడు. అన్నం గుండిగె మీద మూత తీసిన చప్పుడు వినిపించింది. మిగతావాళ్లు తమ వంతు నీళ్ల కోసం చేతులు ముందుకు పెట్టుకుని కూర్చున్నారు. మౌలాలి వాళ్లవైపు కదల్లేదు. చెంబు కింద పెట్టి, భార్య ముందు కూలబడ్డాడు.

"షంషాద్, ఓబులేసు కాదు" అన్నాడు.

ఆమె చెయ్యి ఇంకా చాపే ఉంది. నవ్వు మాత్రం కొంచెం కొంచెంగా పోయింది.

"మరెవరు?" అంది.

లోపల బుడన్ సాహెబ్ తీసిన మూతను మళ్లీ గుండిగె మీద పెట్టేశాడు.