సర్వదాహాస్త్రం – పేరు పెట్టని బిడ్డ

పూర్వం మందవాహినీ నదికి ఉత్తరపు ఒడ్డున సువేలాపురాన్ని పాలించిన రుచిధ్వజ మహారాజు, దక్షిణపు ఒడ్డున ప్రత్యంతపురాధీశుడైన విజరుడితో, ఒక యాగంలో అగ్రతాంబూలం ఎవరికి దక్కాలనే మహా ధర్మసూక్ష్మం మీద పన్నెండేళ్ళుగా యుద్ధం చేస్తూ ఉండేవాడు. పెద్దకుమారుడు హేమస్రవుడు ఆ యుద్ధంలోనే నేలకొరిగాడు. చిన్నవాడు శుభాక్షుడు పదహారేళ్ళు నిండగానే కవచానికి కొలతలు ఇస్తున్నాడని విని, గుండె జారిపోయిన ఆ భూపతి, ఘోరతపస్సుతో చతుర్ముఖుణ్ణి మెప్పించి, నగరానికి నగరాన్నే బూడిద చేసే సర్వదాహాస్త్రాన్ని సంపాదించుకొచ్చాడు.

సకలశాస్త్రపారంగతుడూ భోజనప్రియుడూ అయిన పురోహితుడు ఘృతపాదుడు పంచపాత్ర సర్దుకుంటూ అడ్డుపడ్డాడు.

"మహారాజా, సంకల్పం లేనిదే ఏ కర్మా లేదు. దహించబోయే వారందరి గోత్రనామాలూ సెలవియ్యండి. ఒక్క పేరు తప్పినా అస్త్రం తిరిగొచ్చి కర్తనే కాలుస్తుంది."

"విజరుడి పేరు చాలదా?"

"ఊరు కాలుతుంటే ఆయనొక్కడే కాలుతాడా ప్రభూ?"

"ఆచార్యా, నెలకు వెయ్యిమంది చస్తున్నారు. ఒక్క బాణంతో ఈ చావులన్నీ ఆగిపోతే అది దయ కాదా? నా రెండో కొడుకైనా మిగలాలనుకోవడం పాపమా?"

ఘృతపాదుడు పంచపాత్ర పక్కన పెట్టాడు. "కాదనలేను ప్రభూ. కాని పేర్లు వినందే ఉద్ధరిణె ఎత్తలేను" అన్నాడు.

చేసేది లేక రాజు యుద్ధం ఆపించి, గాజులమ్మేవాడి వేషంలో, గాజుల మలారం భుజాన వేసుకుని ప్రత్యంతపురంలో ఇల్లిల్లూ తిరిగాడు. జనం అడిగిందే తడవుగా పేర్లు చెప్పారు. ఒకామె తన పేరుతో పాటు అత్తగారి దుర్గుణాలు కూడా రాయించింది. తీరా చివరి ఇంటికి వెళ్తే పురిటి బిడ్డ, ఇంకా పేరు లేదు, పదకొండో రోజున బాలసారె. ఆగి, ఆ పేరు రాసుకునేసరికి పక్కవీధిలో కవలలు పుట్టారు. వాళ్ళ కోసం ఆగితే ఇంకో ముగ్గురు. శిష్యుడి వేషంలో వెంట వచ్చిన ఘృతపాదుడు మాత్రం బాలసారె భోజనాలన్నిటికీ తప్పకుండా హాజరయ్యాడు.

నాలుగో విడతలో ఒక ముసలమ్మ రాజు చెయ్యి పట్టుకుంది.

"మా వాడు యుద్ధంలో పోయాడు నాయనా. బిడ్డ చెవిలో పేరు చెప్పడానికి ఇంట్లో మగదిక్కు లేదు. ఊరందరి పేర్లూ రాసుకుంటున్నావుగా, నువ్వే ఓ మంచి పేరు పెట్టు."

రాజు వంగాడు. ఏ పేరూ ఆలోచించుకోలేదు. నోటికొచ్చింది ఒకటే: "హేమస్రవుడు."

తాళపత్రం మీద ఆ పేరు రాయబోతే గంటం కదల్లేదు. రాజు అక్కడే, గాజుల మధ్య కూలబడి, పన్నెండేళ్ళ ఏడుపూ ఏడ్చాడు.

తిరిగి వెళ్ళి బ్రహ్మదేవుణ్ణి ప్రార్థించి అస్త్రం అప్పగించేశాడు. వరం కోరుకొమ్మంటే, "దేవా, ఇకపై దీన్ని అడిగిన ప్రతివాడూ ఇంకా పుట్టని వాళ్ళ పేర్లు కూడా సంకల్పంలో చెప్పి తీరాలి" అన్నాడు. విధాత నాలుగు ముఖాలతోనూ నవ్వి తథాస్తు అన్నాడు.

అస్త్రం వచ్చిన సంగతీ, వెళ్ళిపోయిన సంగతీ ఒక్కసారే విన్న విజరుడు, పాదుకలు కూడా తొడుక్కోకుండా నది దాటి పరుగున వచ్చి రాజును కౌగిలించుకున్నాడు. శుభాక్షుడి కవచాన్ని కంసాలి కరిగించాడు. ఇద్దరు రాజులూ కలిసి అగ్రతాంబూలాన్ని బోసినోటి హేమస్రవుడి ముందు పెట్టగా, ఆ పసివాడు దాన్ని చీకి, మొహం చిట్లించి, విజరుడి కిరీటం మీదికి ఉమ్మేశాడు.

ఈ వృత్తాంతం శ్రద్ధగా ఆలకించిన రాజులకు, ఎదుటి ఊరి పిల్లల పేర్లు ఎన్నటికీ మరుపు రాకుండు గాక.