మూరెడు నూలు

ఇరవై రెండేళ్ళ వయసులో నా బాధంతా ఒక రాయి గురించే.

మధ్యలో చిల్లి పొడిచి కర్ర దూర్చిన రాతి బరువుని మా నాగావళి వైపు సంగిడి అంటారు. గవరయ్య గురువుగారు మాకు కసరత్తులు నేర్పే తాలింఖానాలో చిన్నవీ పెద్దవీ కలిపి ఏడు సంగిడీలు ఉండేవి. ఆరింటిని ఎత్తేశాను. ఏడోది గుమ్మం పక్కన, వచ్చేపోయే కుర్రాళ్ళని వెక్కిరిస్తున్నట్టు కూర్చుని ఉండేది. అమ్మవారి సంబరం నాడు దాన్ని తలపైకి ఎత్తినవాడికి ఊరు తలపాగా చుట్టి ఘటాల ముందు నడిపిస్తుంది. అప్పటికి పాతికేళ్ళ కిందట గురువుగారు ఎత్తారు. ఆ తర్వాత మరెవరి వల్లా కాలేదు.

నిజానికి నేను తాలింఖానాలో చేరింది ఆ రాయి కోసం కాదు. మేం నేతవాళ్ళం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా ముందుకి వంగి నేసి నేసి, మా నాన్నకి నలభై ఐదేళ్ళకే నడుం పోయింది. నీళ్ళకుండ కూడా ఎత్తలేకపోయేవాడు.

గురువుగారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. చేరే రోజున ప్రతివాడూ తాను పనిచేసే చోటు నుంచి గుప్పెడు మట్టి తెచ్చి గోదాలో వెయ్యాలి. ఎందుకొచ్చాడో అందరి ముందూ చెప్పాలి. బస్తాలు మోసే పైడిరాజు గిడ్డంగి గుమ్మంలో దుమ్ము తెచ్చాడు. నలుగురిలో పేరు రావాలని వచ్చానన్నాడు. గురువుగారు సరే అన్నారు. నేను మా మగ్గం గుంటలోంచి మట్టి తీసుకెళ్ళాను.

"నువ్వెందుకొచ్చేవు, నీలకంఠం?"

"నా నడుం మా నాన్న నడుంలా అయిపోకూడదండి. ముసిలాణ్ణయ్యేదాకా నెయ్యాలి."

ఆయన నా మెడ దగ్గర్నించి నడుం దాకా అరచేత్తో ఒకసారి నిమిరి, గోదాలోకి దిగమన్నారు.

ఆ గోదా మట్టిలో పసుపూ మజ్జిగా నువ్వులనూనే కలిపేవారు. తెల్లారకుండానే వెళ్ళి, పారలతో తిరగేసి, అందులో దొర్లి ఇంటికొస్తే మధ్యాహ్నం దాకా ఒంటికి ఆ వాసన పట్టుకునే ఉండేది. ఇప్పుడు ఎక్కడైనా పచ్చి పసుపు వాసన తగిలితే చాలు, నాకు మళ్ళీ ఇరవై ఏళ్ళొస్తాయి. దండీలు తీస్తుంటే పక్కన కూర్చుని లెక్కపెట్టే గురువుగారి గొంతు వినిపిస్తుంది. ఆయన ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి, ఎవడైనా బద్ధకిస్తే మళ్ళీ ఒకటికి వచ్చేసేవారు.

రెండేళ్ళలో నా నడుం ఇనపకడ్డీలా తయారైంది. వచ్చిన పని అయిపోయింది. కానీ కండ వచ్చాక మనిషి ఊరుకుంటాడా? చెరువు గట్టు మీద నడుస్తూ నీళ్ళలో నా నీడ చూసుకునేవాణ్ణి. ఆడవాళ్ళు బిందెలు ముంచుకుంటున్నా సిగ్గుండేది కాదు. అలా చూసుకుంటూ చూసుకుంటూ ఏడో సంగిడి మీద కన్నేశాను.

దాని కర్ర లావు. పట్టు జారిపోయేది. ఎవరో చెబితే విని, మూకుడులో ఇసక కాచి అందులో చేతులు కుక్కడం మొదలుపెట్టాను. ఆర్నెల్లకి అరచేతులు చెప్పుల అట్టల్లా అయ్యాయి. గురువుగారు చూశారు, వద్దనలేదు. నేను ఆరోది ఎత్తిన రోజు మాత్రం బయటికెళ్ళి తువ్వాలుతో మొహం తుడుచుకుని వచ్చారు. ఏడోది ఎత్తే శిష్యుడు ఒకడు తనకీ ఉండాలని ఆయన ఆశ. అది మా అందరికీ తెలుసు.

సంబరం ఇంకా నెల ఉందనగా ఇంట్లో ఒక సంగతి జరిగింది.

మా అమ్మ నూలు వడికేది. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, గింజలు తీసి, ఊపిరి బిగబట్టి లాగేది దారాన్ని. అంత సన్నటి నూలు మా వీధిలో ఇంకెవరూ తియ్యలేదు. ఆ నూలుతో నేను నేసిన పంచెని నాన్న ఒళ్ళో వేసుకుని అరచెయ్యి పెట్టి చూశాడు. ఆయనకి అప్పటికే చూపు మందగించింది, చేత్తోనే చూసేవాడు. మూడు చోట్ల చెయ్యి ఆగింది. మూడు చోట్లా పోగు తెగిపోయి, నేను గమనించకుండా నేసుకుపోయాను.

ఏమైందిరా అన్నాడు. నూలు బాగులేదన్నాను.

అమ్మ అక్కడే కూర్చుని ఉంది. తన రాట్నం వైపు ఒకసారి చూసుకుంది. లేచి, దూది ముందేసుకుని, చేప దవడ తీసుకుని మళ్ళీ మొదటి నుంచి దువ్వడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళయినా ఆ దువ్వే చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు.

మర్నాడు గురువుగారితో చెప్పాను. జరిగిందంతా కాదు, నాకు కావలసినంతే. మగ్గం మీద పని సరిగ్గా సాగడం లేదని, రాయి మీద ధ్యాస కుదరడం లేదని, సంబరం అయ్యేదాకా నేత మానేస్తానని. ఆ తర్వాత రెండూ చూసుకోవచ్చు కదా అన్నాను. ఆయన వింటూ నా అరచేతుల వైపు చూశారు. మర్నాడు వచ్చేటప్పుడు మా అమ్మ వడికిన నూలు మూరెడు తెమ్మన్నారు.

తెచ్చాను. పైడిరాజూ వాళ్ళూ ఇంకా రాలేదు. గురువుగారు గోదా గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకుని, అరచెయ్యి చాపారు.

"పెట్టు."

దారం ఆయన అరచేతి మీద అడ్డంగా పెట్టాను. ఆయన కాసేపు అలాగే ఉన్నారు.

"పెట్టవేంట్రా?"

"పెట్టేనండి, గురూగారూ."

కళ్ళు తెరిచి చేతి వైపు చూసుకున్నారు. నవ్వారు గానీ, అది నవ్వులా లేదు.

"నేనూ ఇసకలోనే కుక్కేనురా. మా పిల్ల చిన్నప్పుడు జొరమొస్తే, నుదురు మీద చెయ్యేస్తే నాకు తెలిసీది కాదు. మా ఆవిణ్ణి పిలిచీవోణ్ణి." దారాన్ని రెండు వేళ్ళతో పైకి తీశారు. "నేను రాయి కోసమే వచ్చేను. అది దొరికింది నాకు. ఇప్పుడు నువ్వు ముయ్యి కళ్ళు."

మూసుకున్నాను. చెయ్యి చాపాను.

తాలింఖానా గుడిసె చూరు మీద పిచ్చికలు అరుస్తున్నాయి. దూరంగా ఎడ్లబండి పోతోంది. నేను నా ప్రాణమంతా అరచేతిలోకి తెచ్చుకుని ఎదురుచూశాను. గురువుగారు ఆలస్యం చేస్తున్నారనుకున్నాను. నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. చాలాసేపటికి, పెడతారా అండీ అని అడిగాను.

కళ్ళు తెరిచాను.

గురువుగారు అవతల గోదాలో నీళ్ళు చల్లుతున్నారు. అమ్మ వడికిన దారం నా అరచేతి మీద ఉంది.

అక్కడే కూలబడిపోయాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు. రాయి మానెయ్యమంటారా అని అడిగితే, ఆయన నీళ్ళు చల్లడం ఆపకుండానే అన్నారు.

"నన్నడక్కు. మొదటిరోజు నువ్వు తెచ్చిన మట్టి ఇందులోనే ఉంది. దాన్నడుగు."

ఇంటికెళ్ళి అమ్మ ముందు రెండు చేతులూ చాపి, నూలు బాగానే ఉందమ్మా, చెయ్యే బాగులేదన్నాను. అమ్మ నా అరచేతుల్ని తిప్పి చూసి, వెన్న తెచ్చి రాసింది. పసిపిల్లాడికి రాసినట్టు రోజూ రాసింది. ఆ తోలు ఊడడానికి ఎండాకాలమంతా పట్టింది.

సంబరం నాడు ఏడో సంగిడిని పైడిరాజు ఎత్తాడు. నేను చప్పట్లు కొట్టాను. కొడుతుంటే నా భుజాలు వాటంతటవే పైకి లేచాయి. వాడికి తలపాగా చుడుతుంటే ఓర్వలేక పక్కకి తిరిగి నిలబడ్డాను. అది వాడు అడిగి సంపాదించుకున్నది, నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గుతుందా? ఆ రాయి పక్క నుంచి ఎప్పుడు వెళ్ళినా, ఎత్తేవాణ్ణి కదా అని ఈ రోజుకీ అనిపిస్తుంది.

తాలింఖానా మాత్రం మానలేదు. పొద్దున్నే నడుం కోసం దండీలు, ఆ తర్వాత మగ్గం. అంతే.

పాతికేళ్ళు గడిచాయి. అమ్మ పోయింది. ఆమె చివరిసారి వడికిన నూలు పెట్టెలో దాచుకుని, దాంతో ఒక ఉత్తరీయం నేశాను. మంచం పట్టిన గురువుగారికి పట్టుకెళ్ళాను. పక్కన కూర్చున్న ఆయన కూతురు, నాన్నా, నీలకంఠం వచ్చేడు అని చెప్పింది. ఉత్తరీయాన్ని ఆయన చేతుల్లో పెట్టాను. వేళ్ళు దాని మీద అటూ ఇటూ వెతుక్కున్నాయి. వాటికేమీ తెలియలేదు. అప్పుడు ఆయన దాన్ని మెల్లగా పైకెత్తి చెంపకి ఆనించుకున్నారు. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉంచుకున్నారు.

తర్వాత వెనక్కి తిరగమని సైగ చేశారు. మంచం మీద అటు తిరిగి కూర్చున్నాను. మెడ దగ్గర్నించి నడుం దాకా ఆయన అరచెయ్యి మెల్లగా దిగింది. దారం తెలియని ఆ చేతికి, వంగని నా వెన్ను తెలిసింది.

"అనుకున్నది ఎత్తేవురా," అన్నారు.