పిలిస్తే లేచే నిద్ర

అనగనగా ఒక ఊరు అంటే చాలు, ఏ ఊరమ్మమ్మా అని అడ్డం పడతావు. అందుకని ముందే చెప్పేస్తున్నా. కాలువ సముద్రంలో కలిసే చోట, మడచెట్ల పక్కన, గుప్పెడు కొంపలున్న ఒక పేట. పేటకో ప్రార్థన మందిరం. అంతే. కాళ్ళు ఆడించకుండా ఇటు తిరిగి పడుకో. ఊ కొడుతూ విను. ఇది కాస్త భయం కథే. భయమేస్తే నా కొంగు పట్టుకో.

ఆ పేటలో పీతలు పట్టుకునే జక్కరయ్య ఉండేవాడు. ఆయన భార్య రాహేలమ్మ. వాళ్ళకి దీవెన అని ఒక్కగానొక్క కూతురు. నీకంటే ఓ ఏడాది చిన్నదేమో. నోరు మాత్రం నీలాగే పెద్దది. పొద్దున్నే నాన్న పడవేసుకుని మడ అడవిలోకి వెళ్ళేవాడు. అమ్మ ఇంటి ముందు కూర్చుని వలలు బాగుచేసేది. ఇది అమ్మ చుట్టూ తిరుగుతూ వాగుతూ ఉండేది.

అప్పుడేమో ముసురు పట్టిన రోజుల్లో రాహేలమ్మకి జ్వరం తగిలింది. కషాయాలు తాగించారు. ఆ తర్వాత పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత మందిరంలో అందరూ మోకాళ్ళేసి ప్రార్థన చేశారు. అయినా ఆ తల్లి దక్కలేదు.

మనవాళ్ళ సంగతి నీకు తెలుసుగా. మనిషి పోతే 'చచ్చిపోయింది' అనరు. ఆ మాట నోటికి రానివ్వరు. 'ప్రభువునందు నిద్రించింది' అంటారు. పాస్టరయ్యగారు ప్రార్థనలో అదే అన్నారు. పరామర్శకొచ్చిన చుట్టాలు అదే అన్నారు. శిలువ చెక్క మీద నల్లరంగుతో అదే రాశారు. పెద్దవాళ్ళకి అది ఓదార్పు మాట. చిన్నపిల్లకేం తెలుస్తుంది? దానికి నిద్ర అంటే నిద్రే.

దీవెన వెళ్ళి, "అమ్మా లే, ఇంటికి అందరూ వచ్చారు" అని పిలిచింది. అమ్మ లేవలేదు. చెయ్యి పట్టుకుని ఊపింది. చెయ్యి చల్లగా ఉంది. ఎవరో వచ్చి పిల్లని ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళిపోయారు. ఆ తర్వాత సమాధుల తోటలో గొయ్యి తవ్వి, పాటలు పాడుతూ పెట్టెని దించి, మట్టి కప్పేశారు.

ఇదంతా అది నాన్న చంకలోంచి చూసింది. ఏడవలేదు. 'పిల్ల గట్టిది, తట్టుకుంది' అన్నారు అమ్మలక్కలు. తట్టుకోవడమా పాడా! దాని గుండెల్లో రాయి పడింది. నిద్రపోయిన మనిషిని మట్టిలో పెట్టేస్తారని దానికి ఆరోజు తెలిసింది.

ఇక చూడు దాని అవస్థ. పొద్దు వాలుతోందంటే వణుకు. మనం చాప పరిస్తే హాయి అనుకుంటాం, దానికి చాప చూస్తేనే గుండె దడ. నిద్ర వస్తుంటే ముఖాన చన్నీళ్ళు కొట్టుకునేది. అప్పటికీ ఆగకపోతే తొడ గిల్లుకునేది. అదీ చాలకపోతే పచ్చి చింతకాయ కొరికేది, పులుపుకి పళ్ళు జివ్వుమని మెలకువ వస్తుందని. ఎంతైనా పసిది కదా, కూర్చున్నచోటే ఒరిగిపోయేది. మళ్ళీ ఉలిక్కిపడి లేచి ఒళ్ళంతా తడుముకునేది, మట్టి అంటిందేమోనని.

తనకోసం ఉన్న భయం ఒకెత్తు, నాన్న కోసం ఉన్న భయం ఒకెత్తు. దానికి ఇక మిగిలింది నాన్నొక్కడే. నాన్న కూడా నిద్రపోతే తను ఎవరి దగ్గర ఉండాలి? అందుకని జక్కరయ్య కునుకు తీస్తే చాలు, "నాన్నా, దాహం" అని లేపేది. లేచి నీళ్ళిచ్చేవాడు. ఇంకాసేపటికి, "నాన్నా, కడుపులో నొప్పి." లేచి పొట్ట నిమిరేవాడు. మళ్ళీ కాసేపటికి, "నాన్నా, దొడ్లో ఏదో చప్పుడు." లేచి దీపం పట్టుకుని చూసొచ్చేవాడు.

తల్లి లేని పిల్ల, బెంగపెట్టుకుంది అనుకున్నాడు ఆ పిచ్చి మారాజు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఏంటమ్మా నీ బెంగ అని అడగనూ లేదు. అడిగితే తనకే ఏడుపొస్తుందని భయం. పిల్లా చెప్పలేదు. నిద్ర మాట ఎత్తితే నాన్నకి నిద్ర వస్తుందని దాని భయం. ఒకే చాప మీద ఇద్దరూ, ఎవరి దిగులు వాళ్ళదే.

ఏం, ఊ కొట్టడం మానేశావు? ఉన్నావా? సరే.

అలా కొన్నాళ్ళు గడిచాయి. జక్కరయ్య కళ్ళు చింతనిప్పులయ్యాయి. అడుగు తీసి అడుగు వేస్తుంటే తూలేవాడు. అయినా వేటకి పోకపోతే పొయ్యిలో పిల్లి లేవదు కదా. ఒకరోజు పడవ తీస్తుంటే, "నన్నూ తీసుకుపో నాన్నా" అని కాళ్ళు చుట్టేసింది. ఒంటరిగా వెళ్తే అక్కడెక్కడో పడుకుంటాడని దాని అనుమానం. సరేలే అని ఎక్కించుకున్నాడు.

మడ అడవి నువ్వు చూడలేదు. పట్టపగలు కూడా లోపల మసక మసగ్గా ఉంటుంది. బురదలోంచి వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఎక్కడో ఏదో బుడుంగుమంటుంది, చూస్తే ఏమీ ఉండదు. కొమ్మల చాటున బావురుపిల్లి కళ్ళు మెరుస్తాయి. దీవెన నాన్న మోకాలు పట్టుకుని కూర్చుంది. జక్కరయ్య ఎర కట్టిన వలలు నీళ్ళలో వదిలాడు. ఆ తర్వాత పడవని ఒక కొమ్మకి కట్టాడు. కట్టాననుకున్నాడు. నిద్రమత్తులో ముడి పడలేదు. అలా వెనక్కి వాలాడో లేదో, కళ్ళు మూతపడ్డాయి.

అప్పుడే ఆటు మొదలైంది. ఆటంటే తెలుసుగా, కాలువలో నీళ్ళని సముద్రం లోపలికి లాగేసుకుంటుంది. పడవ మెల్లగా కదిలింది. దీవెనకి ముందు చెట్లు నడుస్తున్నట్టు అనిపించింది. తర్వాత చెట్లు పల్చబడ్డాయి. ఆ తర్వాత హోరు వినపడింది. కాలువ సముద్రంలో పడే చోట అలలు ఎగిరెగిరి పడుతున్నాయి. అక్కడికి పోయిన చిన్న పడవ మళ్ళీ రాదు.

"నాన్నా లే" అంది. లేవలేదు. భుజం పట్టి కుదిపింది. లేవలేదు. దోసిలితో ఉప్పునీళ్ళు తెచ్చి ముఖాన కొట్టింది. రెప్ప కదల్లేదు. ఇన్నాళ్ళ నిద్రా ఒక్కసారే వచ్చి ఆ మనిషి మీద పడిపోయింది మరి.

నేను చెప్తుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తోంది. నాన్న కూడా అమ్మలాగే అయిపోయాడు అనుకుంది. ఇప్పుడు నాన్నకీ పెట్టె తెస్తారు, నాన్న మీదా మట్టి పోస్తారు. తనని చంకనేసుకోవడానికి కూడా ఎవరూ ఉండరు. చుట్టూ చూసింది. కేకేస్తే పలికే మనిషి లేడు. ఒక్క కాకి కూడా లేదు.

అలా చూస్తుంటే దానికి ఆదివారం బడిలో విన్న ముచ్చట ఒకటి తోచింది. యేసయ్య కూడా ఓసారి పడవలో పడుకున్నాడు. గాలీ వానా వచ్చాయి. కూడా ఉన్నవాళ్ళు భయపడి లేపితే, లేచాడు. పడవలో పడుకుని కూడా లేచినాయన. నిద్ర సంగతి ఆయనకే తెలియాలి అనుకుంది. కళ్ళు మూసుకుంది. ప్రార్థన అయినా సరే, కళ్ళు మూయడానికి అది భయపడింది చూడు, అయినా మూసుకుంది.

"యేసయ్యా, నేను పిలిస్తే అమ్మ లేవలేదు. నాన్నా లేవట్లేదు. నా మాట వినట్లేదు. నువ్వు పిలువు" అంది.

అంతే, ఒక అల వచ్చి పడవని ఈడ్చి కొట్టింది. పడవ ఇసుకమేట మీద గర్రుమని రాసుకుంది. జక్కరయ్య దిగ్గున లేచాడు. అల లేపిందో, యేసయ్యే లేపాడో నన్నడక్కు. ఆ పిల్లనడిగితే మాత్రం ఆయనే అంటుంది. నాకూ అదే అనిపిస్తుంది, ఎవరేమన్నా సరే.

జక్కరయ్య తెడ్డు అందుకున్నాడు. ఒక అల మీదికి వచ్చింది, తప్పించాడు. ఇంకో అల పడవలో సగం నీళ్ళు నింపింది, పిల్లని కాళ్ళ మధ్య బిగించి పట్టాడు. మూడో అల వెనక్కి పోయేలోగా దమ్మంతా పెట్టి ఒడ్డుకి లాగాడు. ఒడ్డెక్కాక ఇద్దరూ బురదలో కూలబడ్డారు.

భయమేసినప్పుడు పెద్దవాళ్ళు కసురుకుంటారు. "నన్ను లేపాలి కదా!" అన్నాడు.

"లేపాను. నువ్వు నిద్రించావు" అంది అది.

నిద్రపోయావు అనలేదు. నిద్రించావు అంది. ఆ మాట మన ఇళ్ళల్లో ఎప్పుడంటారో, ఎవరి గురించి అంటారో జక్కరయ్యకి తెలీదా? నీళ్ళ చెంబులు, కడుపునొప్పులు, దొడ్లో చప్పుళ్ళు, అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. పిల్లని గుండెకి అదుముకుని, ఉన్న పళంగా, ఆ బురద కాళ్ళతోనే మందిరానికి తీసుకెళ్ళాడు.

పాస్టరయ్యగారు వాకిట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. జక్కరయ్య, "వందనాలండీ అయ్యగారూ" అని సంగతంతా చెప్పాడు. ఆయన చెంబు పక్కన పెట్టి విన్నారు. తర్వాత పిల్లకి ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"నేనన్న మాటలో సగమే విన్నావు తల్లీ. నిద్రించింది అన్నది విన్నావు. ప్రభువునందు అన్నది వదిలేశావు. మీ అమ్మ మట్టిలో లేదు. ఆయన దగ్గర ఉంది."

"మరి నేను పిలిస్తే ఎందుకు లేవలేదు?"

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రెండు నిద్రలున్నాయమ్మా. మీ నాన్నది, నాది, నీది, మనం పిలిస్తే లేచే నిద్ర. అమ్మది ఆయన పిలిస్తే లేచే నిద్ర."

"ఎప్పుడు పిలుస్తాడు?"

"నాకూ తెలీదు. మా అమ్మని కూడా పిలవాలి. నేనూ ఎదురుచూస్తున్నా."

"అందాకా?"

"అందాకా అమ్మ ఆయన దగ్గర పడుకుంటుంది. నువ్వు నాన్న దగ్గర పడుకో."

అప్పుడు ఏడ్చింది దీవెన. అమ్మ పోయాక అదే మొదటి ఏడుపు. అమ్మ కావాలి అని ఏడ్చింది. జక్కరయ్యా ఏడ్చాడు, పిల్ల ముందు దాచుకోకుండా. అయ్యగారు ఇద్దరి తలల మీదా చేతులుంచి చిన్న ప్రార్థన చేశారు.

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్ళు కంచంలో ఇంత తిని చాప పరుచుకున్నారు. "పొద్దున నువ్వు పిలుస్తావుగా?" అని అడిగింది. "పిలుస్తా" అన్నాడు. "యేసయ్యా, మా ఇద్దర్నీ చూసుకో" అని, నాన్న చొక్కా గుప్పిట్లో పట్టుకుని కళ్ళు మూసింది.

తెల్లారింది. ఎండ చాప మీదికొచ్చింది. జక్కరయ్య, "దీవెనా, లేమ్మా" అని పిలిచాడు. పలకలేదు. మళ్ళీ పిలిచాడు. ఉలుకూ పలుకూ లేదు. ఈసారి ఆయన గుండె ఆగినంత పనైంది. వంగి దాని ముఖంలో ముఖం పెట్టి చూశాడు.

అది విసుగ్గా అటు తిరిగి, "ఇంకాసేపు పడుకోనీ నాన్నా" అంది.

కథేమో కంచి దారి పట్టె,
కనురెప్ప తలుపు గడియ పెట్టె,
కాసేటి దేవుడు కావలి కాసె,
కంటిపాపకు కునుకు వచ్చె.

పొద్దున నేను పిలుస్తాలే. పడుకో.