మరక పట్టని బండ

“నీకు కావలసింది బండ కాదు కేశవులూ, నలుగురి పొగడ్త. అది ఏ గనిలోనూ దొరకదు” అన్నారు గురువు పరబ్రహ్మయ్య గారు.

చెన్నకేశవులు తల దించుకున్నాడు. నంద్యాలలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. గేటు నుంచి వాకిలి దాకా కారు వచ్చే దారికి ఏమి పరచాలో తేలక, వారం రోజులుగా గురువుగారి దగ్గర అదే మాట. సిమెంటు చేయిస్తే పగుళ్ళిస్తుంది, గ్రానైటు వానకు జారుతుంది, కంకర పోస్తే అందం లేదు. పైగా తమ్ముడు పొలం నుంచి ట్రాక్టరును నేరుగా లోపలికే తెస్తాడు. చక్రాల నిండా నల్లరేగడి. “మరక పట్టని రాయి ఏదో ఒక్క మాటలో సెలవియ్యండి” అని అడిగినందుకు పడింది ఆ చీవాటు.

గురువుగారికి వాదించే అలవాటు లేదు. కండువా భుజాన వేసుకుని లేచారు. “పద, గిడ్డయ్యను చూసి వద్దాం.”

గిడ్డయ్య ఆయన పాత శిష్యుడే. ఎరువుల వ్యాపారంలో బాగా కలిసొచ్చి, పక్క వీధిలో మేడ కట్టాడు. మేడ ముందు పాలిష్ పట్టిన బేతంచెర్ల బండలు సాయంత్రపు ఎండలో తడిసినట్టు మెరుస్తున్నాయి. కేశవులు వంగి వేలితో రాసి చూశాడు. ఎనిమిదేళ్ళ నాటివట, నిన్న పరిచినట్టున్నాయి. ఇవే అని మనసులో ఖాయం చేసుకున్నాడు.

అంతలో వీధిలో ఆటో చప్పుడైంది. కుర్చీలు తెస్తున్న గిడ్డయ్య వాటిని అక్కడే వదిలి గేటు దాకా పోయాడు. ఆటో ఆగకుండా వెళ్ళిపోయింది.

“ఈయన నీ బండలు చూడ్డానికొచ్చాడు. వాటి సంగతి చెప్పు” అన్నారు గురువుగారు.

“ఏముంది సామీ చెప్పను. మా తమ్ముడు మద్దిలేటి ఆటో తోలుతాడు. ప్రతి ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని, హారన్ కొట్టుకుంటా లోపలికి వచ్చేవాడు. ఇవి పరిచిన తొలి ఆదివారమే ఆటో కింద చారెడు ఆయిలు కారింది. కిరసనాయిలు, కొబ్బరి పీచు చేతికిచ్చి, వాని పిల్లల ముందరే వానితో కడిగించినా.”

“ఏమన్నాడు?” అని కేశవులే అడిగాడు.

“నవ్వినాడప్పా. ‘ఇంగ నీ ఇంటికి రావాలంటే ఆటోకి గోచీ పెట్టుకోని రావాలన్నా’ అన్నాడు. మోకాళ్ళ మీద కూచోని శుభ్రంగా కడిగినాడు. మళ్ళా రాలేదు. నేనే నాలుగు సార్లు పోయినా. కుర్చీ వేస్తాడు, టీ ఇప్పిస్తాడు, ‘వస్తాలే అన్నా’ అంటాడు.”

గిడ్డయ్య మెట్లు దిగి, మోకాళ్ళు ఆన్చి, అరచేత్తో బండలు తడిమాడు.

“ఈడనే యాడో కారింది. ఇదా, ఆ పక్కదా అని రోజూ చూస్తా సామీ. గురుతుకు రవ్వంత కూడా మిగల్చలేదు వాడు.”

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. మలుపు దగ్గర ఒక ఆటో ఎదురై గిడ్డయ్య వీధిలోకి తిరిగింది. వెనక నుంచి గిడ్డయ్య గేటు తెరుచుకున్న చప్పుడు వినిపించింది; ఆటో ఆగకుండా సాగిపోయింది, కాసేపటికి గేటు మూసుకున్న చప్పుడు.

“మరక పట్టని రాయి అడిగావు” అన్నారు గురువుగారు. “చూశావుగా.”