బరువు చూసిన చెయ్యి

నాలుగు రోజులుగా మద్దిలేటి స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు.

కర్నూలు పాత బస్టాండు దగ్గర, ఇరుకు మెట్లెక్కి పోతే మొదటి అంతస్తులో దస్తగిరి కంప్యూటర్ల దుకాణం ఉంటుంది. ఆరేళ్ళ కిందట డిప్లొమా మధ్యలో ఆపేసి, పని నేర్చుకుంటానని అక్కడికి వచ్చాడు మద్దిలేటి. ఇప్పుడు కాలేజీ పిల్లలు లోపలికి వస్తూనే దస్తగిరిని దాటుకుని అతని బల్ల దగ్గరికే పోతారు. తక్కువ డబ్బులో గట్టి కంప్యూటర్ బిగించడంలో అతని చేతికి పేరొచ్చింది. ఆ పేరు చూసుకుని అతనికి కొంచెం గర్వం కూడా ఉండేది. మంగళవారం దాకా.

ఇప్పుడతను మూలన స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. దస్తగిరి అతన్ని కదిలించలేదు. వచ్చినవాళ్ళకు తనే జవాబు చెప్పుకుంటున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చిన్న అక్షరాలు కనబడక ర్యామ్ డబ్బా మీది రాత వచ్చినవాళ్ళతోనే చదివించుకుంటున్నాడు.

కౌంటరు మీద ఆయన సొంత కంప్యూటరు ఒకటి ఉంది. పదకొండేళ్ళ కిందట తన చేత్తో బిగించుకున్నది. అప్పట్నుంచి దాన్ని ఆపింది లేదు. కొనడానికి వెనకాడే మనిషి కనబడితే చాలు, దాని వీపు తట్టి, "మా చేతి పని ఇది. ఒక్క రోజు జ్వరం కూడా రాలేదు" అనేవాడు. ఈ నాలుగు రోజుల్లో ఆ మాట కూడా అనలేదు.

జరిగింది ఇది.

ఎనిమిది నెలల కిందట బేతంచెర్ల నుంచి చందన అనే పిల్ల వచ్చింది, తండ్రి సుంకన్నను వెంటబెట్టుకుని. సుంకన్న ఒకప్పుడు గనిలో దిగినవాడు, ఇప్పుడు నాపరాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఎంత కడుక్కున్నా ఆయన కనుబొమల్లో తెల్లటి దుమ్ము పోదు. చందన ఇంజనీరింగ్ మూడో ఏడు. కాలేజీ పనికీ, గేములకీ ఒకటే కంప్యూటర్ కావాలంది. ఆ పిల్లకు గేములు ఆడడం ఒక్కటే చాలదు, తయారు చేయాలి. మొత్తం నలభై వేలు దాటకూడదు.

నలభై వేలకు అన్నీ మంచివి రావు. ప్రాసెసర్ పెద్దది పెడితే ర్యామ్ తగ్గించాలి, ర్యామ్ పెంచితే డిస్కు చిన్నదవుతుంది. పిల్లలు యూట్యూబ్ చూసి రాసుకొచ్చే చీటీల్లో అన్నీ ఉంటాయి, డబ్బు తప్ప. చందన తెచ్చిన చీటీ కూడా అలాంటిదే. మద్దిలేటి దాన్ని పక్కన పెట్టి ఒకటే అడిగాడు.

"బొమ్మ బాగా కదలాల్నా, డబ్బా అందంగా ఉండాల్నా?"

"కదలాలన్నా."

చీటీలోంచి రంగురంగుల లైట్లు కొట్టేశాడు. అద్దం పలక ఉన్న క్యాబినెట్ కొట్టేశాడు. మిగిలినదంతా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టాడు. అయినా పదిహేను వందలు ఎక్కువైంది. ఆ పదిహేను వందలు ఎస్‌ఎంపీఎస్‌లో తగ్గించాడు.

ఎస్‌ఎంపీఎస్ అంటే పెద్ద సంగతేమీ కాదు. గోడలోంచి వచ్చే కరెంటును లోపలి సామాన్లకు కావలసినంత పంచిపెట్టే ఇనుప డబ్బా. చేతిలో డబ్బు చాలనివాళ్ళంతా కోత పెట్టేది దాంట్లోనే. గేములో అది కనబడదు, స్నేహితులకు చూపించుకునే వస్తువూ కాదు. పేరున్న కంపెనీ డబ్బాను పక్కన పెట్టేసి, మద్దిలేటి సగం ధరకొచ్చే కొత్త రకం డబ్బా తీశాడు. చందన అది గమనించింది.

"ఇదెందుకన్నా ఇంత తక్కువ రేటు?"

"పేరు లేదంతే. చెయ్యి పట్టు."

ఆ పిల్ల అరచేతిలో డబ్బా పెట్టాడు. "బరువు చూడు. డొల్లదైతే దూదిలాగ తేలిపోతుంది. లోపల సరుకుంటేనే ఈ బరువొస్తుంది. మా ఉస్తాద్ నేర్పిన పరీక్ష ఇది. ఇంతవరకూ తప్పింది లేదు."

చందన డబ్బాను రెండు సార్లు పైకీ కిందికీ ఆడించి చూసింది. "బరువుగానే ఉందన్నా" అని నవ్వింది.

పరీక్ష దస్తగిరి నేర్పిందే, ఆయనకు వాళ్ళ ఉస్తాద్ నేర్పింది. రేడియోలు బాగుచేసే కాలంలో ఆ పెద్దాయన ట్రాన్స్‌ఫార్మర్‌ను అరచేతిలో తూచి, లోపల రాగి ఎంతుందో చెప్పేవాడట. ఎస్‌ఎంపీఎస్ డబ్బాకు సీలు ఉంటుంది. సీలు చింపితే వారంటీ పోతుంది, హోల్‌సేల్ వాళ్ళు వెనక్కి తీసుకోరు. కాబట్టి విప్పి చూసేవాడు ఎవడూ లేడు, చెయ్యే తక్కెడ. ఆదోని నుంచి నంద్యాల దాకా దస్తగిరి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు నలభై మంది ఉన్నారు, నలభై మందీ అంతే.

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు బేతంచెర్లలో పోయిన కరెంటు తిరిగి వచ్చింది. వస్తూనే ఆ డబ్బా ఫట్‌మని పేలింది. పోతూ పోతూ మదర్‌బోర్డునూ డిస్కునూ వెంట తీసుకుపోయింది.

చందన ఎనిమిది నెలలుగా చేస్తున్న గేము ఆ డిస్కులో ఉంది. నాన్నకు అన్నం క్యారియర్ పట్టుకుని నాపరాయి గనిలోకి దిగే చిన్న పాప ఆట అది. రాళ్ళు జారుతుంటాయి, దుమ్ములో దారి కనబడదు, అన్నం చల్లారకముందే పాప అడుగుకు చేరాలి. హైదరాబాదులో గేములు తయారు చేసే కంపెనీ ఒకటి చూపించమని పిలిచింది, గురువారం నాడు. కాలేజీ మొత్తం మీద పిలిచింది ఆ పిల్ల ఒక్కదాన్నే. పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నది ఉగాది నాటిది. అందులో పాపకు ఇంకా నడవడం కూడా రాదు.

మంగళవారం సాయంత్రమే బస్సులో కంప్యూటర్ మోసుకొచ్చారు. దస్తగిరి డిస్కును భూతద్దం కింద పెట్టి చూశాడు. చిప్పు మధ్యలో ఆవగింజంత బొక్క పడి ఉంది. "చూస్తాం" అని మాత్రం చెప్పి వాళ్ళను పంపించాడు. మద్దిలేటికి మాత్రం అప్పుడే అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు మళ్ళీ మెట్లెక్కి వచ్చారు.

"ఏమన్నా వచ్చిందా అన్నా?" అంది చందన.

మద్దిలేటి బదులు దస్తగిరే చెప్పాడు.

"రాలేదమ్మా. రాదు. ఎక్కడికి తీసుకుపోయినా రాదు. నీకు ఆశ పెట్టి పంపించను."

చందన తలూపింది. అప్పటికే తెలిసిన సంగతిని ఇంకోసారి విన్నట్టు ఊపింది.

"గురువారం పోలేదు తాతా. ఏం చూపించేకి పోవాల?"

సుంకన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేను కూడా ఆడినాను భాయ్, ఒకసారి" అన్నాడు. "క్యారియర్ పట్టుకుని దిగాల. నిజం గనిలో ఇరవై ఏండ్లు దిగినోన్ని, దాంట్లో సగం కూడా దిగలేకపోయినా. ఈ పిల్ల పడీ పడీ నవ్వింది."

చందన మద్దిలేటి వైపు తిరిగింది.

"నువ్వు బాధపడొద్దన్నా. నాకే సరిగ్గా తెలిసిండదు. నువ్వు చూడమని చేతికిచ్చినావు గదా. నేను చూసినా. బరువుగానే ఉందనిపించింది."

తిట్టి ఉంటే మద్దిలేటి తట్టుకునేవాడు. తిడుతుందనే నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్నాడు. ఈ మాటకు అతనికి ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"ఉస్తాద్, నేను రేపట్నుంచి రాను. ఈ చేతుల్తో ఇంకొకరికి బిగించలేను."

దస్తగిరి అల్మారాలోంచి కాలిపోయిన డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"విప్పు."

"కాలిపోయినదాంట్లో ఏం చూడాల ఉస్తాద్?"

"కరెంటు తీసి నాలుగు రోజులైంది. అయినా ఎడం చెయ్యి జేబులో పెట్టుకుని విప్పు."

ఆరేళ్ళ కిందట మద్దిలేటి నేర్చుకున్న మొదటి పాఠం అదే. కరెంటు దాగి ఉండే వస్తువును ఒక్క చేత్తోనే ముట్టుకోవాలి. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది.

జేబులో చెయ్యి పెట్టుకుని నాలుగు స్క్రూలు తీశాడు. సీలు కాగితం చిరిగింది. మూత లేచింది.

లోపల నల్లగా మాడిన చిన్న పలక ఒకటి ఉంది. దాని మీద బొటనవేలంత తీగచుట్ట. మిగతా చోటంతా ఖాళీ. పక్కన, డబ్బా గోడకు జిగురుతో అతికించిన ఇనుప బిళ్ళ ఒకటి ఉంది. అరచేయంత వెడల్పు, వేలంత మందం. ఏ తీగా దాని దగ్గరికి రాలేదు, దాని దగ్గర్నుంచి ఎక్కడికీ పోలేదు.

మద్దిలేటి స్క్రూడ్రైవర్ మొనతో దాన్ని ఊడదీశాడు. మిగిలిన డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. దూదిలాగ తేలింది.

దస్తగిరి చెయ్యి చాచాడు. మద్దిలేటి ఇనుప బిళ్ళను ఆ అరచేతిలో పెట్టాడు. ముసలాయన దాన్ని పైకీ కిందికీ ఆడించాడు. ఒకసారి, రెండుసార్లు.

"నువ్వు సరిగ్గానే చూసినావమ్మా" అన్నాడు చందనతో. "నీ చెయ్యి తప్పు గాదు. వీనిదీ గాదు."

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను ఈ పరీక్ష నలభై మందికి నేర్పినా అనుకుంటి. ఈ డబ్బా చేసేవాడు కూడా నేర్చుకున్నాడు."

చందన అడిగింది, ఎత్తిపొడుపేమీ లేకుండా, క్లాసులో సందేహం అడిగినట్టు.

"మరి ఏం చూడాల తాతా?"

దస్తగిరి ఇనుప బిళ్ళను కళ్ళజోడు పక్కన పెట్టాడు. యాభై ఏళ్ళుగా అడిగినవాళ్ళందరికీ ఆయన చెప్పిన జవాబు ఆ బరువే.

తర్వాత బోర్డు, డిస్కు, మంచి ఎస్‌ఎంపీఎస్ తానే పెట్టి సోమవారానికి ఇస్తానన్నాడు. డబ్బు మాట ఎత్తొద్దన్నాడు. సుంకన్న వద్దనలేదు, సంతోషించనూ లేదు.

"పెట్టు భాయ్. పరీక్షలుండాయి దానికి."

"గేము మళ్ళీ చేస్తావా చెల్లీ?" అన్నాడు మద్దిలేటి. అడగకుండా ఉండలేకపోయాడు.

"తెలీదన్నా. చెయ్యబుద్ధి కాలేదు."

పోయేముందు సుంకన్న బల్ల మీది ఇనుప బిళ్ళను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి కూడా డబ్బులిచ్చినాం గదా" అని చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు కిందికి సాగింది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. చందన చెప్పుల చప్పుడు చివరి మెట్టు దాకా వినబడింది.

దుకాణంలో గురువూ శిష్యుడూ మిగిలారు. తన తప్పు కాదని తేలినందుకు మద్దిలేటికి ఊరట కలగలేదు. ఇంకా భయం వేసింది. తన చెయ్యి తప్పయితే తను మానేస్తే సరిపోయేది. ఇప్పుడు ఎవరు మానేయాలి?

"ఉస్తాద్" అన్నాడు. గొంతు గట్టిగానే వచ్చింది. "ఇన్నేళ్ళలో మీకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదా?"

"లేదు."

"ఒక్కటి కూడా విప్పి చూడలేదా?"

"లేదు బేటా."

బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి. మద్దిలేటి తన సంచీ తీసుకున్నాడు. చెప్పులు వేసుకోవడానికి గడప దాకా నడిచాడు.

దస్తగిరి లేచి కౌంటరు దగ్గరికి పోయాడు. అలవాటుగా తన కంప్యూటరు వీపు తట్టబోయి చెయ్యి ఆపుకున్నాడు. వంగి దాన్ని ఆపేశాడు. పదకొండేళ్ళుగా ఆ దుకాణంలో ఎవరి చెవికీ పట్టకుండా తిరుగుతున్న ఫ్యాను నెమ్మదించి నిలిచిపోయింది. అది ఆగాక గాని అంత చప్పుడు చేసేదని మద్దిలేటికి తెలియలేదు. గడప దగ్గరే వెనక్కి తిరిగాడు.

దస్తగిరి ప్లగ్గు పీకాడు. లోపల మిగిలిన కరెంటు పోవడానికి బటన్ రెండు సార్లు నొక్కాడు. క్యాబినెట్‌ను రెండు చేతులతో ఎత్తుకుని బల్ల వైపు నడిచాడు. మద్దిలేటి సంచీ కింద పెట్టి, పోయి రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని కాలిపోయిన డబ్బా పక్కన దించారు.

దస్తగిరి దాని ఎస్‌ఎంపీఎస్ ఊడదీసి, దుమ్ము తుడిచి, మద్దిలేటి ముందు పెట్టాడు. పదకొండేళ్ళ నాటి సీలు ఇంకా చెక్కుచెదరలేదు. స్క్రూడ్రైవర్ తీసి అతని చేతికిచ్చాడు.

"దీన్ని కూడా విప్పు."

"ఇది మీరు బిగించింది గదా ఉస్తాద్."

"అందుకే."

మద్దిలేటి ఎడం చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.