ఉప్పు చూడమన్న పేరిందేవమ్మ

అనగనగా, ఉప్పు బస్తాలు గాడిదల మీద ఊళ్ళోకి దిగే రోజుల్లో, పేరిందేవమ్మ అని ఒక వంటమనిషి ఉండేది. ఏ ఇంట విందైనా గాడిపొయ్యి దగ్గర ఆవిడే. ఆవిడ పట్టుదల ఒక్కటే: "నా బంతిలో కూర్చున్నవాళ్ళు ఆకలితో లేవకూడదు."

ఒక వానాకాలం ఆవిడకు పెద్ద జ్వరమొచ్చింది. పోతూ పోతూ ఆ జ్వరం నోటి రుచిని పట్టుకుపోయింది. బెల్లమూ ఒకటే, బూడిదా ఒకటే. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. తనకు తానూ చెప్పుకోలేదు.

మొదటి విందులో పప్పు ఉప్పు కషాయమైంది. "ఈ ఉప్పుకి ఘాటెక్కువ. నేను బాగానే ఉన్నాను" అంది.

రెండో విందులో చారు చప్పగా ఉంది. "మీ చింతపండు పాతది. నేను బాగానే ఉన్నాను" అంది.

మూడోది సీమంతం. పులుసులో, పప్పులో ఉప్పు రెండేసిసార్లు పడింది. "తినేవాళ్ళ నోళ్ళే బాగాలేవు. నేను బాగానే ఉన్నాను!" అంది.

ఆవిడ మీది గౌరవంతో ఎవరూ ఎదురు చెప్పలేదు. నీళ్ళు తాగుతూ మింగారు. బంతి చివర కట్టెలు మోసే సింగన్న కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ ఆ పొయ్యికి కట్టెలు మోసింది అతనే. రెండు ముద్దలు తిని విస్తరి మడిచాడు.

"అదేంటి సింగన్నా, అప్పుడే లేచావు?" అంది పేరిందేవమ్మ.

"కడుపు నిండిందమ్మా!"

కడుపేమో వెన్నుకి అంటుకునే ఉంది. పేరిందేవమ్మ చూసింది. ఆవిడకు ఉప్పు తెలియదు గానీ ఆకలి తెలుసు. గంటె కింద పెట్టింది.

"లేదు నాయనా, నిండలేదు. నేను బాగాలేను. జ్వరం తగిలిన దగ్గర్నుంచీ నా నాలుకకి రుచి తెలియడం లేదు" అని అందరి ముందూ అనేసింది.

ఇక నన్నెవరు పిలుస్తారులే అనుకుంది. ఇంతలో సీమంతం పిల్ల ఫక్కున నవ్వింది.

"అమ్మయ్య! మా నోళ్ళే చెడ్డాయేమోనని హడలి చచ్చాం పిన్నీ!"

బంతి బంతంతా నవ్వింది. పేరిందేవమ్మకూ నవ్వాగలేదు.

"కూర్చో సింగన్నా, మళ్ళీ వండుతాను. కాస్త నీ నాలుక అరువియ్యి."

పప్పు ఉడికింది. సింగన్న ఒకసారి రుచి చూసి "ఇంకాస్త" అన్నాడు. రెండోసారి "ఇంకొక్క రవ్వ" అన్నాడు. మూడోసారి రుచి చూసి, వెళ్ళి కొత్త విస్తరి పరుచుకున్నాడు.

ఆవిడ ముసలిదై పోయేదాకా వండుతూనే ఉంది, ప్రతి విందులోనూ ఒకరి నాలుక అడుగుతూ.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల విందంటే మొదటి ముద్ద ఇంటి పెద్దలకు పెట్టరు. కట్టెలు మోసినవాడికో, నీళ్ళు తోడినామెకో పెట్టి, "పేరిందేవమ్మ పేరు చెప్పి ఉప్పు చూడు" అంటారు. బాగాలేదంటే ఎవరూ నొచ్చుకోరు. నవ్వుకుంటూ మళ్ళీ పొయ్యి మీద పెడతారు.